నీళ్ళు లేని ఊళ్ళో పడవ సారు

మా డ్రిల్లు సారు మిలిటరీలో ఉన్నప్పుడు పడవ పందేల్లో గెలిచిన మనిషి. రిటైరై వచ్చి చేరింది మాత్రం బేతంచెర్ల బడిలో. వానాకాలంలో కూడా చెప్పులు తడవని ఊరు మాది. అయినా ఆయన ఊరుకుంటేనా? మమ్మల్ని గ్రౌండులో నాపరాళ్ళ మీద వరుసగా కూర్చోబెట్టి, చేతికి వెదురు కర్రలిచ్చి, లేని పడవను లేని నీళ్ళలో నడిపించేవారు. నడుము వంగితే వీపు మీద ఒకటి పడేది. మేం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు.

కెమెరా ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. నేను కర్నూల్లో ఉద్యోగంలో చేరి ఒకటి కొన్నాను. సారు అప్పటికి బడి నుంచి కూడా రిటైరయ్యారు. ఒక సెలవు రోజు చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో బండ మీద కూర్చుని రెండు కర్రలతో పడవ నడుపుతున్నారు. నాకు బడి రోజులు గుర్తొచ్చి హుషారు పుట్టింది. ఫోను తీశాను. చొక్కా తడిసి ముద్దవుతున్నా ఆయన ఆపరే!

"చాలు సార్, ఎండ శానా ఉండాది" అన్నాను.

"యాడ చాలప్పా? ఒడ్డు ఇంగా రాలేదు" అన్నారు, నా వైపు చూడకుండానే.

పగలబడి నవ్వాను. ఆ నవ్వు కూడా వీడియోలో ఉంది.

కర్నూలు రాగానే దాన్ని నెట్‌లో పెట్టాను. నెల తిరిగేసరికి వేలమంది చూశారు. "ఒడ్డు వచ్చిందా సార్?" అని పాత విద్యార్థులు, ముక్కూమొహం తెలియనివాళ్ళు పోటీలు పడి రాశారు. మా సారును లోకానికి చూపించింది నేనేనని కాలరెగరేసుకుని తిరిగాను.

కొన్నాళ్ళకు సారు భార్య ఫోను చేసి రమ్మన్నారు. వెళ్తే సారు అరుగు మీద ఉన్నారు. నన్ను చూసి "ఎవరు కావాలప్పా?" అన్నారు. మతిమరుపు జబ్బట. ఏడాదిగా ముదురుతోందట. ఆ వీడియో రోజు ఆమె మందుల కోసం వెళ్ళొచ్చేవరకూ ఆయన అట్లాగే ఎండలో ఉన్నారట. ఇంకొకరెవరైనా అట్లా చేస్తే భయపడి ఉండేవాణ్ణి. ఆయన దగ్గర అయిదేళ్ళు ఉత్త నేల మీద తెడ్డు వేసినవాణ్ణి కదా, నాకది జబ్బులా కనపడలేదు.

వీడియో తీసేస్తానన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అంతమంది సూసినారు గదా నాయనా, ఈ మనిషికి బాగలేదని ఒగరికన్నా తెలీలేదా?" అన్నారు.

తెలిసింది. సారును ఎన్నడూ ఎరగని ఒకాయన, ఎక్కడివాడో, "ఈ పెద్దాయన తమాషా చేయడం లేదు, డాక్టరుకు చూపించండి" అని మొదటి వారంలోనే రాశాడు. మా సారునే పిచ్చోడంటావా అని తిట్టి, ఆ మాట చెరిపేసింది నేనే.

"లేదమ్మా" అన్నాను.