యాదగిరి ఏడో టేక్

నా పిల్లల మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా అల్లింది కాదు. మా ఫిల్మ్ నగర్‌లో కథలల్లేవాళ్లు వేరే ఉన్నారు... నేను ఉత్త సౌండ్ ఎడిటర్‌ని.

నల్లమల మీద డాక్యుమెంటరీ చేస్తున్నాం. అడవి చప్పుళ్లు రికార్డు చేయడానికి మా రికార్డిస్టు, యూసుఫ్‌గూడ యాదగిరి ఒక్కడే కొండల్లోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఐదో రోజు అతని సంచి అడవి మొదట్లో దొరికింది. అందులో రికార్డర్. అతని భార్య సుజాత దాన్ని జీపులో నాకు పంపి, తను కొండ కింది ఊళ్లోనే ఉండిపోయింది. రాత్రి ఫోన్ చేసింది.

"అన్నా, రేపొక్క రోజే దేవులాడుతరట. ఆఖరికి యాడికి పోయిండో జర ఇని చెప్పు."

ఎడిట్ రూమ్‌లో నేనొక్కణ్నే. మా రికార్డిస్టులకో పద్ధతుంది... ముందు చోటు పేరు, టేక్ నంబరు చెప్పి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి నిలబడతారు.

"లోయ. టేక్ ఒకటి." గాలి...

"వాగు. టేక్ రెండు." నీళ్లు...

అలా వింటూ పోయాను.

"బొమ్మల గుండు. టేక్ ఆరు." ఆదిమానవులు ఎర్రమట్టితో జింకల్ని గీసిన బండ అది. హిమాలయాలు పుట్టకముందు నుంచీ ఉన్న కొండలవి. పిట్ట కూడా కూయలేదు. చాలాసేపు ఏమీ లేదు... తర్వాత ఎవరో బండ మీద అరచేత్తో రాస్తున్న చప్పుడు. సర్... సర్...

అక్కడితో అయిపోవాలి. ఇంకో ఫైల్ ఉంది.

"ఫిల్మ్ నగర్. ఎడిట్ రూమ్. టేక్ ఏడు."

అతని గొంతే. బాగా అలసిపోయిన గొంతు.

తర్వాత... మా ఏసీ గురగుర. నా కుర్చీ కిర్రుమనడం. ఎవరో ముక్కు ఎగబీల్చడం... అది నేనే. అప్పటికి అరగంట నుంచి ఏడుస్తున్నాను.

హెడ్‌ఫోన్స్ తీసేశాను. గదిలో అవే చప్పుళ్లు. వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎవరూ లేరు. యాదగిరీ, ఒక్కసారి పలకరా అని సిగ్గు విడిచి బతిమాలాను...

ఫోన్ మోగింది.

"యాడున్నడన్నా?"

బొమ్మల గుండు అనే చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే వాగు దగ్గర అని వచ్చింది. సరిదిద్దుకోవాలని చూశాను... ఈలోపే ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే లైన్ కలవలేదు. మర్నాడంతా వాగు వెంటే గాలించారు. సాయంత్రానికి ఆపేశారు.

ఆ గదిలో వినిపించింది అతనో, ఇంకేదైనానో, నా బుర్రే చెడిందో నాకిప్పటికీ తెలియదు. సుజాతకు నిజం చెప్పలేదు. ఆ రాత్రి నేను సాయం చేశానని ఏటా వచ్చి రాఖీ కడుతుంది.