తలుపు మీద మాట

తొర్రూరు బస్సులో నా పక్కన ఒక అవ్వ, నొప్పులు పడుతున్న ఆమె కూతురు. మానుకోటలో దిగాక ఇద్దరినీ దవాఖానకు నేనే నడిపించాను. కాన్పుల గది తలుపును ఆ పిల్ల గుంజుతోంది. అది రావడం లేదు.

"గుంజకు చెల్లె. పుష్ అని రాసిండ్రు. పుష్ అంటే నూకుడు," అన్నాను.

నూకింది. తలుపు తెరుచుకుంది. అవ్వ కూడా వెంట పోయింది.

కాసేపటికి లోపల తెలుగు రాని కేరళ నర్సు గొంతు: "పుష్! పుష్!" ఆ వెంటే ఏదో ట్రే కింద పడ్డ చప్పుడు. అవ్వ ఉరికొచ్చింది.

"సారూ, నువ్వు చెప్పినట్లే నర్సమ్మను నూకింది! ఆమె కిందవడి లేసి మళ్ల గదే మాటంటున్నది. ఏం జెయ్యాలె?"

నర్సు చెప్పే పుష్‌కు అర్థం వేరు. మగవాడు ఆడవాళ్ల ముందు అనే మాట కాదది. సిగ్గు విడిచి అరిచాను.

"ముక్కుమను అవ్వా! ఊపిరి బిగవట్టి గట్టిగ ముక్కుమను!"

అవ్వ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. ఎదుటి బస్టాండులో నేనెక్కాల్సిన బస్సు హారన్ కొడుతోంది. పసిబిడ్డ ఏడుపు వినకుండానే ఎక్కాను.

ఇప్పటికీ తలుపు మీద ఆ మాట కనిపిస్తే, చెయ్యి ఆనించి, నూకకుండా ఒక్క క్షణం చెవి పెట్టి వింటాను.