గాలి పెడుతుందా, గుంజుతుందా?

2023 వానాకాలం. బస్తర్‌లో, బాసగూడ వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ఆసుపత్రి. పేరు చెప్పను, అక్కడ ఇంకా నాకు టీ ఇస్తున్నారు. నేను బయోమెడికల్ ఇంజనీరుని. డాక్టర్లు మనుషులను చూస్తారు, నేను వాళ్ల యంత్రాలను చూస్తాను. కిరండూల్‌లో గని కార్మికుడి ఇంట పుట్టి, ఇప్పుడు ఒక దాతృత్వ సంస్థ తరఫున, విదేశాల నుంచి దానంగా వచ్చే పరికరాలను బస్తర్ ఆసుపత్రుల్లో బిగించి, వాడడం నేర్పుతుంటాను. దానమొచ్చిన దూడకు పళ్లు చూడకూడదని ఇక్కడ హిందీలో ఒక సామెత. నా ఉద్యోగంలో ముందు చూడాల్సింది పళ్లే, ప్లగ్గు పళ్లు. అవి మన గోడలోకి దిగవు.

ఆ వేసవిలోనే అక్కడికి ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇచ్చాం. గదిలో గాలిని పీల్చి, నైట్రోజన్‌ను వడకట్టి, ఆక్సిజన్‌ను సన్నటి గొట్టంలోకి పంపే పెట్టె అది. వాగు పొంగితే సిలిండర్లు రాని చోట అదే దిక్కు. సరిగ్గా పనిచేయడం లేదని ఫోను వస్తే వెళ్లాను.

పెట్టె కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. వాడితే ఇంత మెరుపు ఉండదు, సాహెబులు వచ్చినప్పుడు చూపించడానికే దాచారనుకున్నాను. పుష్ప సిస్టర్‌కు నా మీద అంతకంటే ఎక్కువ అనుమానం. "మరమ్మత్‌కు వచ్చారా భయ్యా, జాంచ్‌కు వచ్చారా?" అంది. మరమ్మతుకే, తనిఖీకి కాదన్నాను. నమ్మినట్టు తలూపి, స్టాకు గది తాళంచెవి నడుముకు దోపుకుంది.

మధ్యాహ్నం ముత్తమ్మ అనే కూలి మనిషి, ఏడాది నిండని మనవణ్ణి ఎత్తుకొచ్చింది. పిల్లవాడి తల్లి నాట్లకు భద్రాచలం వైపు వెళ్లిందట. న్యుమోనియా. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టమని, అంబులెన్సుకు ఫోను చేయడానికి సిగ్నల్ వెతుక్కుంటూ బయటికి వెళ్లాడు. వాగు రోడ్డు మీదికి వచ్చేసింది.

గొట్టం పెట్టాం. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, అంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపేది, ఎనభైల్లోనే వేలాడుతోంది. యంత్రం మూతి దగ్గర మీటరు పెట్టి చూశాను, ఆక్సిజన్ బాగానే ఉంది. దానికి తడి పట్టించే నీళ్ల సీసాలో బుడగలు గలగలమంటున్నాయి. ఆక్సీమీటర్‌ను నా వేలికి పెట్టుకున్నాను, అదీ బాగానే ఉంది. పాత సరుకు అంటగట్టారేమోనని దాతలను అనుమానించాను. గీదం దగ్గర లారీ ఆపి పెట్టె మార్చేశాడేమోనని డ్రైవర్‌ను అనుమానించాను. సిస్టర్ వైపు కూడా ఓరగా చూశాను. అంకె మాత్రం కదల్లేదు.

అప్పుడు ముత్తమ్మ పిల్లవాడి ముక్కు నుంచి గొట్టం లాగేసింది.

"చాలు సారూ. గీ డబ్బా ఎనక నా కొంగు పెట్టి సూసిన, అతుక్కుంది. గాలి లోపటికి గుంజుతాంది. మా పోరని ఊపిరే గుంజుతాంది."

అది గదిలో గాలి అవ్వా, అటు పీల్చి ఇటు ఇస్తుందని చెప్పాను. పోయినేడు తమ ఊరి ముసలాయనకు ఇట్లాగే పెడితే తెల్లారి లేవలేదంది. ఊళ్లో మందు వేసే వడ్డె ఉన్నాడు, అతని దగ్గరికి తీసుకుపోతానంది. ఆ వానలో, ఆ ఊపిరితో పిల్లవాడు ఊరు చేరడని సిస్టర్ నా చెవిలో చెప్పింది.

"పెడతాందో గుంజుతాందో నా కండ్లకు సూపియ్యి," అంది ముత్తమ్మ. "సూపిస్తే ఉంచుత."

స్టీలు గ్లాసులో నీళ్లు తెప్పించి, ఇంజనీరుకు ఉండాల్సినంత ధీమాతో గొట్టం కొస ముంచాను. ఒకే ఒక్క బుడగ వచ్చింది. నా ముఖం చూసి పగిలిపోయింది.

"ఏంది సారూ, నీ డబ్బా గూడ పట్నపోళ్ల లెక్కనే ఉన్నది. మాట ఇటు, మూట అటు."

గొట్టం పట్టుకుని వెనక్కి తడుముకుంటూ వెళ్లాను. నీళ్ల సీసా మూత దగ్గర వేలికి గాలి చల్లగా తగిలింది. మూత సగం వదులుగా ఉంది. బుడగలై పైకొచ్చిన ఆక్సిజనంతా ఆ సందులోంచి గదిలోకి పోతోంది. తాను గట్టిగానే బిగించానని సిస్టర్ ఒట్టు పెట్టుకుంది. నేను నమ్మలేదు.

"నేనే ఇప్పిన సారూ," అంది తలుపు దగ్గర నిలబడ్డ ఆయా లచ్చక్క. "నీళ్లు మసులుతున్నయ్ గద. బిగ్గరగ పెడితే పగల్దా? ఎసరు మీద మూత ఎవరన్న బిగిస్తరా?"

సిస్టర్ బిగించినప్పుడల్లా ఆమె మెల్లగా వదులు చేస్తోంది, అందరి మేలు కోరే. యంత్రాన్ని రోజూ తుడిచి మెరిపించిందీ ఆమే. శిక్షణ రోజు ఆమె మా అందరికీ టీ కాస్తోంది. టీతో పాటు పాఠం తాగినవాళ్లు సిస్టర్లు, యంత్రాన్ని ముట్టుకునేది ఆమె.

మూత బిగించాను. గ్లాసులో బుడగలు జాతరలా లేచాయి. ముత్తమ్మ వంగి చాలాసేపు చూసింది. గొట్టంలో నీళ్లు విదిలించి, తానే పిల్లవాడి ముక్కుకు పెట్టింది. ఎనభైల్లోని అంకె తొంభై దాటేసరికి, దాన్ని చదవడం రాని ముత్తమ్మ పక్కటెముకల కింది గుంటను చూస్తోంది. అది పూడుతోంది. వాగు తగ్గాక అంబులెన్సు వచ్చింది. పిల్లవాడు ఏడుస్తూ ఎక్కాడు. అంత గట్టిగా ఏడవడానికి ఊపిరి కావాలి.

అనుమానించేవాళ్లకు నచ్చజెప్పడం నా పనిలో భాగం అనుకునేవాణ్ణి. వాళ్ల అనుమానమే నా సంచిలో లేని మీటరని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎక్కడ శిక్షణ పెట్టినా ఆయాలు ముందు వరుసలో కూర్చుంటారు, టీ నేను కాస్తాను. అందరూ తాగుతారు, ఎవరూ మెచ్చుకోరు.

మొన్న మళ్లీ వెళ్తే, యంత్రం పక్కన ఒక స్టీలు గ్లాసు తాడుతో కట్టి ఉంది. రోగి తరఫువాళ్లు బుడగలు చూడనిదే లచ్చక్క గొట్టం పెట్టనివ్వదట. ఆ పూట ఒక రోగిని తెచ్చారు. ఇప్పుడే అంతా పరీక్ష చేశాను, పెట్టేయమన్నాను.

"నువ్వు సూస్తే అయితదా సారూ?" అని, లచ్చక్క గ్లాసులో నీళ్లు పోసింది.