వెలిగే పూల మీద ఈగ

ఆ రోజుల్లో గోడ మీద పటంలో లైటు వెలుగుతోందంటే అందులో ఎవరో ఒక దేవుడు ఉండి తీరాల్సిందే. ఉత్త పూలకు కరెంటు ఎవరు తగలేస్తారు? మా డాక్టరుగారు తగలేశారు. ఆబిడ్స్‌లో ఆయన పళ్ళ దవాఖానలో, రోగులు కూర్చునే గది గోడకు తలుపంత చెక్క పెట్టె ఉండేది. దానికో అద్దం, అద్దం వెనక ఎప్పుడో ఏ తెల్లదొరో వేసిన పూలకుండీ బొమ్మకు నకలు, దాని వెనక ట్యూబులైట్లు. స్విచ్చి వేస్తే గులాబీలు, పేరు తెలియని పూలు భగ్గుమని వెలిగేవి. వాటిని చూస్తూ రోగులు నొప్పి మరచిపోతారని ఆయన ఆశ. (రోగులు మాత్రం రాగానే అలవాటుగా దండం పెట్టి, ఆ తర్వాత పూల మధ్య దేవుణ్ణి వెతుక్కునేవారు.)

నాకది మొదటి ఉద్యోగం. రోగుల పేర్లు రాసుకుని వరసగా లోపలికి పంపడం నా పని. నాంపల్లి స్టేషను వెనక మా ఇంటి నుంచి నడిచి వచ్చేదాన్ని. ఆడపిల్ల ఆబిడ్స్‌లో ఉద్యోగం చేయడం నాన్నకు ససేమిరా ఇష్టం లేదు. "ఒక్క నెల చూస్త. నౌకరి పక్కా చేసిన్రా, సరే. లేకుంటే మెదక్‌ల మీ మేనత్త కాడికి పోయి టీచర్ ట్రైనింగ్ చెయ్" అన్నాడు. మా మేనత్త మిషన్ బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లోనూ హెడ్‌మిస్ట్రెస్సే, అన్నం తినేటప్పుడు కూడా. అందుకని నా ప్రాణాలన్నీ ఆ ఉద్యోగం మీదే పెట్టుకున్నాను.

మొదటి రోజే చూశాను, కుండీ అంచు మీద ఈగ! శుభ్రమైన దవాఖానలో ఈగేమిటని పేపరు చుట్టి ఒక్కటిచ్చాను. కదల్లేదు. ఇంకొకటిచ్చాను. అప్పుడే బయటికొచ్చిన డాక్టరుగారు నెత్తి పట్టుకున్నారు. "అమ్మా తల్లీ, అది బొమ్మల ఈగ! పూలతోని పాటు ఈగను గూడ ఏసిండు గా దొర. ఇంకోసారి నీ చెయ్యి పటానికి తాకిందో, గదే నీ ఆఖరి దినం!" నేను గబుక్కున పేపరు వెనక్కి దాచుకున్నాను, ఆయన చూడనట్టే.

నాకైతే తెలిసింది, గోడ మీది బల్లికి ఎవరు చెబుతారు? లైటు వెలుతురుకు బోలెడు పురుగులు వచ్చినా, అది వాటన్నిటినీ వదిలేసి రోజూ ఆ దొరగారి ఈగ మీదికే దూకేది. అద్దానికి మూతి కొట్టుకుని, కాసేపు ఆలోచించి, మళ్ళీ దూకేది. తోలుదామంటే చెయ్యి పటానికి తగులుతుందేమోనని నాకు భయం.

నెలాఖరుకు బట్టల సేటు వచ్చాడు. ఊగే పన్నుతో చాలాసార్లు వచ్చినవాడే. వంతు రాగానే "దుకాన్ల పని పడ్డది" అని జారుకోవడం ఆయనకు రివాజు. నోరు తెరిపించడం డాక్టరుగారి వల్ల కాలేదు. అలాగని పొమ్మనలేరు, బట్టల బజారంతా సేటు మాటే వింటుంది. సేటు ఆ రోజు సరిగ్గా పటం కింద కూర్చున్నాడు. బల్లి దూకింది, అద్దం మీద జారింది, నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి సేటు లేచి నిలబడి "బల్లి! మీద వడ్డది!" అని అరుస్తున్నాడు. గదిలో అందరూ దవడల మీది చేతులు తీసేసి బల్లిపాటు ఫలితాల మీద పడ్డారు. (పూలవల్ల కానిది బల్లివల్ల అయింది.)

"ఎడమ భుజం మీదనే వడ్డది," అన్నాడొకాయన.

"ఎడమైతే మొగోళ్ళకు మంచిది గాదు," అంది పక్కనున్న ముసలమ్మ.

"గీ దవాఖాన్ల అడుగు వెట్టుడే నా తప్పు! బజార్ల అందరికి చెప్త!" అని సేటు కేక. ఆ గోలకు డాక్టరుగారు పట్టకారు చేత్తోనే బయటికొచ్చి నా వంక ఒక్క చూపు చూశారు. ఆ చూపులో నాకు మెదక్ బస్సు కనబడింది.

"బిడ్డా, నువ్వు గీడనే ఉంటివి గద. నిజం చెప్పు, కుడా, ఎడమా?" అన్నాడు సేటు.

కళ్ళు మూసుకున్నదాన్ని నాకేం తెలుసు? దేవుడా అనుకుంటూ ఆయన్ను పైనుంచి కిందికి చూశాను. బతికిపోయాను!

"కుడే, సేటుగారు! తోక తెగి ఇంకా గాడనే ఆడుతుంది, చూడుండ్రి."

సేటు చూశాడు. "ఓయమ్మో!" అని నోరు తెరిచాడు. డాక్టరుగారు ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న నోరది. ఒక్క అంగలో వచ్చారు. సేటు నోరు మూసేసరికి పన్ను పట్టకారులో ఉంది.

సేటు నాలుకతో వెతుక్కుని, "అయిపాయెనా? నొప్పే లేదు! కుడి భుజమంటే గిట్లుంటది!" అని పటానికి దండం పెట్టాడు. ఆ మర్నాటి నుంచి బట్టల బజారు వాళ్ళు పటం కిందే కూర్చుంటామని పేచీ. రెండో రోజు సాయంత్రం డాక్టరుగారు నన్ను పిలిచి, "మీ నాయనకు చెప్పు బిడ్డా, నీ నౌకరి పక్కా. ఇగ రేపటి సంది నీ పని ఒక్కటే, గా బల్లినెవ్వలు తోలకుంట చూడు" అన్నారు. నాంపల్లి దాకా ఎలా నడిచానో తెలియదు, అంత సంతోషం.

మొన్నామధ్య మనవరాలితో హిమాయత్‌నగర్‌లో ఒక హోటలుకు వెళ్ళాను. గోడ మీద అలాంటివే వెలిగే పూలు, కుండీ అంచున ఈగ. ఇక ఆగుతానా? "చూడవే, కాళ్ళు కూడా ఎంత సన్నగా వేశాడో! తెలియనివాళ్ళయితే నిజమనుకుని పేపరు పెట్టి కొడతారు" అని పాఠం మొదలుపెట్టాను, మా మేనత్త గొంతుతో. పక్క టేబుళ్ళ వాళ్ళూ వచ్చి నిలబడ్డారు. ఈగ లేచి, ఒక చుట్టు తిరిగి, నా ముక్కు మీద వాలింది. పేపరు చుట్టి కొట్టిన ఆనాటి ఆ పిల్ల అక్కడుంటే ఎంత బాగుండేదో!