గ్లౌజు తొడిగిన చెయ్యి: రాజోలు నుంచి కొత్తపేట దాకా

మా మనవరాలు రూతు రాజోలులో బి.ఎ. చదువుతోంది. కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడుతుంది. కొత్తపేటలో మ్యాచ్ ఉందనీ, యూనివర్సిటీ ఆడపిల్లల జట్టుకు మనుషులను ఎంచుకోవడానికి అక్కడికి కోచ్‌గారు వస్తున్నారనీ తెలిసినప్పుడు మా అబ్బాయి రెండు షరతులు పెట్టాడు. మామ్మ వెంట ఉంటేనే పంపుతాడు. ఎంపిక కాకపోతే రూతు ఆట మాని పుస్తకం పట్టుకోవాలి. ఆ పిల్ల రెండింటికీ తలూపింది. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, క్రమం తప్పితే సహించను. అందుకే నన్ను పంపితే నిశ్చింత అనుకున్నాడు. మీ ఇంటి పిల్లను కూడా ఇలా తీసుకువెళ్లవలసి వస్తుందేమోనని ఆ రోజు సంగతులు వరసగా రాస్తున్నాను.

పొద్దున్న ఆరింటి బస్సుకు రాజోలులో బయలుదేరాం. పిల్లలు పదకొండు మంది, డ్రిల్లు మాస్టారు రత్నరాజు గారు, నేను. తాటిపాక మీదుగా పాశర్లపూడి రేవుకు మనిషికి రూపాయి. అక్కడ బస్సు దిగి వైనతేయ గోదావరిని పడవ మీద దాటాలి. దానికి అర్ధరూపాయి. గోనెసంచిలోంచి బయటికి వచ్చిన బ్యాట్లను చూసి పడవ సరంగు గెడ వేయడం ఆపాడు.

"ఇయ్యేంటండీ బాబూ, రోకళ్లా?"

బంతిని కొట్టే బ్యాట్లని రూతు చెప్పింది.

"ఆయ్. గోదాట్లో పడితే మాత్రం నన్ను దూకమనకండమ్మా, నాకు ఈత రాదండి."

పిల్లలంతా పకపకా నవ్వారు. నలభై ఏళ్లుగా పడవ నడుపుతున్నవాడికి ఈత రాదంటే నేను నమ్మలేదు.

బోడసకుర్రు ఒడ్డున బస్సు కోసం నిలబడినప్పుడు ఈ ఆట మా కాలేజీకి ఎలా వచ్చిందో రత్నరాజు గారు చెప్పారు. డెబ్బైలలో ఆయన శిక్షణకు వెళ్లి, బేస్‌బాల్ నియమాల పుస్తకం ఒకటి, పగిలిన బ్యాటు ఒకటి తెచ్చుకున్నారు. ఆ బ్యాటును నమూనాగా పెట్టి, పడవలు చేసే వడ్రంగి చేత మరో రెండు చెక్కించారు. పరుగెత్తేవాళ్లు తొక్కుతూ పోవలసిన బేస్‌లు గోనె గుడ్డలో కొబ్బరిపీచు కూరి కుట్టినవే. కాలేజీ మైదానంలో వానాకాలమంతా నీళ్లు. అందుకని కోతలయ్యాక రైతులను అడిగి వరిమళ్లలో ఆడించేవారు. మొదట్లో మగపిల్లలే బేస్‌బాల్ ఆడేవారు. యూనివర్సిటీ ఆడపిల్లలకు అదే తరహా ఆట అయిన సాఫ్ట్‌బాల్ పోటీలు మొదలుపెట్టాక ఆయన ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించి ఈ జట్టును కూర్చారు. ఇంతవరకూ ఇందులోంచి యూనివర్సిటీ జట్టుకు ఎవరూ వెళ్లలేదు.

"ఒక్కరు వెళ్తే చాలండి, పై ఏడు నేనెవరి గుమ్మం ఎక్కక్కర్లేదు" అన్నారాయన.

అమలాపురంలో ఇడ్లీలు తిని, అంబాజీపేట మీదుగా వెళ్లే బస్సెక్కాం. టిక్కెట్టు రెండు రూపాయల డెబ్బై అయిదు పైసలు. పది దాటాక కొత్తపేటలో దిగాం. మైదానం బస్టాండుకు నడిచే దూరమే. చుట్టూ కొబ్బరితోటలు ఉన్నా మైదానంలో మాత్రం నీడ లేదు. గొడుగు తీసుకువెళ్లినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రూతు క్యాచర్. క్రికెట్లో వికెట్ కీపరులా బ్యాటు వెనకాల కూర్చుంటుంది. అవతలి పిల్ల మూడు బేస్‌లు దాటి చివరికి హోమ్‌కు పరుగెత్తుకొస్తుంటే, చేరేలోపు బంతి అందుకుని ఆ పిల్లకు తాకించాలి. విసరడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి గనుక గ్లౌజు ఎడమచేతికి ఉంటుంది. బంతి వచ్చి పడేది ఆ చేతిలోనే. బంతి ఉన్న ఆ గ్లౌజు తగిలినా ఔటే.

ఎదుటి జట్టులో సరళ ఉంది. మా పెద్దబ్బాయి కూతురు, రూతుకు అక్క, కొత్తపేటలోనే చదువుతోంది. మొదటి సగంలో సరళ హోమ్‌కు పరుగెత్తుకొచ్చింది. బంతి ముందే రూతు గ్లౌజులో పడింది. ఔటే అనుకున్నాను. కానీ రూతు గ్లౌజులోంచి బంతి తీసి కుడిచేతిలోకి మార్చుకుని అప్పుడు తాకించింది. అప్పటికి సరళ పాదం హోమ్ మీద ఉంది. కాసేపటికి మరో పిల్ల విషయంలోనూ ఇంతే జరిగింది. కోచ్‌గారు కుర్చీలో కదిలారు. ప్రాక్టీసులోనూ ఈ అలవాటు పోవడం లేదని రత్నరాజు గారు తల పట్టుకున్నారు.

భోజనాలకు ఆపారు. మైదానం పక్క హోటల్లో మీల్సు మూడు రూపాయలు. మా పిల్లలు రెండోసారి అన్నం అడిగేసరికి వంటావిడ గిన్నె వంచి చూపించి, "ఆడపిల్లలే కదా అని తక్కువ వండేనండీ, తప్పు నాదేనండి" అంటూ మళ్లీ ఎసరు పెట్టింది. ఆ వ్యవధిలో రూతును పక్కకు పిలిచాను.

"బంతి చెయ్యి ఎందుకు మారుస్తున్నావు?"

"సరళక్క నాకన్నా పెద్దది కదా మామ్మా. ఎడంచేత్తో ఎలా తాకను? పెద్దవాళ్లకి ఎడంచేత్తో నీళ్లిచ్చినా నువ్వు పుచ్చుకోవు."

నిజమే, పుచ్చుకోను. బడిలో కూడా ఎడమచేత్తో పుస్తకం ఇస్తే వెనక్కి పంపేదాన్ని. ఆ నియమం ఇప్పటికీ మంచిదనే అంటాను. కానీ అది ఇచ్చిపుచ్చుకునే చోట పెట్టుకున్నది. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు.

"ఆ చేతికి గ్లౌజు ఉన్నంతసేపూ అది ఆట చెయ్యి. ఆటయ్యాక విప్పి నాకిచ్చెయ్యి. అప్పుడది మళ్లీ మనింటి చెయ్యి అవుద్ది. ఈలోగా సరళ కాదు, నేనొచ్చినా తాకించు."

"నువ్వు పరిగెడతావా మామ్మా?"

"అన్నం తిను" అన్నాను.

రెండో సగంలో ఒక బంతి బ్యాటుకు రాసుకుని వచ్చి రూతు కుడి బొటనవేలికి తగిలింది. వేలు వాచింది. తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చుంది. చివర్లో సరళ మళ్లీ మూడో బేస్ నుంచి దూసుకొచ్చింది. బంతి గ్లౌజులో పడడం, ఆ గ్లౌజు సరళ భుజానికి తగలడం ఒక్కసారే జరిగాయి. అంపైరు ఔటిచ్చాడు, చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. సరళ మట్టిలో కూర్చుని, "ఎడంచేత్తోనా అక్కని కొట్టేది? బాబాయితో చెప్తానుండు" అంది. రూతు గబగబా గ్లౌజు విప్పేసి, వేలు నొప్పెడుతున్నా కుడిచెయ్యే అందించి అక్కను లేపింది.

మ్యాచ్ మాత్రం ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. పిల్లలు సామాను సర్దుకుంటుంటే కోచ్‌గారు నా దగ్గరికి వచ్చారు. వచ్చే నెలలో యూనివర్సిటీ శిబిరం ఉందనీ, అది ముగిశాక జట్టును ఖాయం చేస్తామనీ, మీ మనవరాలిని పంపుతారా అనీ అడిగారు. రత్నరాజు గారు బ్యాట్ల సంచి మూతి కట్టడం ఆపి నా వైపు చూశారు. అబ్బాయిని అడిగి చెబుతాననడం పద్ధతి. కానీ అబ్బాయి పెట్టిన షరతు నెరవేరిందనే నా లెక్క.

"నేనే తీసుకొస్తానండీ" అన్నాను.

తిరుగు పడవ ఎక్కేసరికి ఎండ తగ్గింది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని రూతు నా పక్కన కూర్చుంది. మా కాలంలో ఆడపిల్ల పరుగెత్తితే ఎక్కడికని అడిగేవారు. ఈ పదకొండు మందీ పరుగెత్తడం చూసి ఒక మైదానమంతా చప్పట్లు కొట్టింది. మంచి అలవాట్లు ఎక్కడ పాటించాలో నేర్పితే సరిపోదనీ, ఎక్కడ పక్కన పెట్టాలో కూడా పెద్దవాళ్లే చెప్పాలనీ నాకు అనిపించింది. చెప్పేవాళ్లు లేక ఆగిపోయే పిల్లలు ఇంకెందరున్నారో.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క సలహా. చీకటి పడితే పడవ దొరకదు గనుక అయిదింటికల్లా బోడసకుర్రు రేవు చేరండి. మేం ఆ వేళకే చేరాం గనుక ఒడ్డున వేడి వేరుశెనక్కాయలు కొనుక్కునే తీరిక దొరికింది. పడవ నడిమధ్యకు వచ్చాక రూతు నా వంతు వేరుశెనక్కాయల పొట్లాన్ని ఎడమచేత్తో నా ముందుకు చాపింది. వెంటనే గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది. ఆ చేతికి అప్పుడు గ్లౌజు లేదు. అయినా పుచ్చుకున్నాను.