ఇంజను చల్లారేదాకా

బావ కొట్టిన దెబ్బకి అక్కకి ఎడమ చెవి వినపడటం మానేసింది. ఆ సంగతి తేల్చడానికి మా ఇంటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నప్పుడు నేను తలుపు వెనక నిలబడి విన్నాను. బావ చేతులు కట్టుకుని, తల వంచుకుని ఒకటే మాట చెప్పాడు.

"కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదండి. ఆపుకోడం నా వల్ల కాదు. అదొక్కటే నా లోటు."

"కోపిష్టే గానీ మనసు ఎన్నపూసండి," అన్నారొక పెద్దాయన. మిగతావాళ్ళు తలలూపారు. ఇక మీదట చెయ్యెత్తనని బావ మాటిచ్చాడు. అక్కని అతని వెంట పంపించెయ్యాలని తేల్చారు. అక్కని ఎవరూ అడగలేదు.

మాది కోటవురట్ల దగ్గర పల్లె. బావది నర్సీపట్నం. అతనికి పాత అంబాసిడర్ ఒకటి ఉండేది, ఏజెన్సీ కొండల వైపు కిరాయికి తిప్పేవాడు. తొంభైల చివర్లో అటు వెళ్ళే డ్రైవర్లందరూ రేడియేటర్‌లో కాలవ నీళ్ళు పోసుకుంటుంటే, బావ మాత్రం వైజాగ్‌ నుంచి ఆకుపచ్చ కూలెంట్ డబ్బాలు తెప్పించి పోసేవాడు. ఆ కారు మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

మర్నాడు ఆ కారులోనే వచ్చాడు. అమ్మ అక్కకి కొత్త చీర పెట్టింది. కొమ్ములు దంచి జల్లించిన పసుపు పెద్ద పొట్లం కట్టి, కుంకుమ భరిణె, చలిమిడి డబ్బాతో పాటు సంచిలో సర్దింది. చెల్లెలివి, తోడుగా కొన్నాళ్ళుండి రమ్మని నన్నూ ఎక్కించింది. నా ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవి అది. వెనక సీట్లో లైబ్రరీ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. ఎవరూ పలకరించకుండా ఉండటానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

సగం దారి దాటాక ముందు సీట్లోంచి అక్క మెల్లగా అంది. "ఏవండీ, వేడి ముల్లు ఎర్రగీత దాటిపోతంది."

"నాకు కళ్ళు లేవేటే?"

బావ ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి లేచి అక్క చెంప మీద పడింది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే కొట్టాడు. అక్క తల వెళ్ళి కిటికీ చట్రానికి కొట్టుకుంది. నేను పుస్తకంలోకే చూస్తూ ఉండిపోయాను. ఒక్క అక్షరమూ కనపడలేదు.

అంతలోనే బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. బావ కారుని జీడితోట పక్కకి లాగి ఆపాడు. ఇటు తిరిగొచ్చి తలుపు తీసి, అక్కని రెక్క పట్టుకుని కిందికి లాగాడు. ఆమె కంకర మీద మోకాళ్ళ మీద పడింది.

"నోరు తెరిసినావు, బండి ఆగిపోనాది! శనిముండా!" అని నడుం మీద ఒక్క తన్ను తన్నాడు.

పుస్తకం చేతిలో పట్టుకునే నేనూ దిగాను. తర్వాత బావ బానెట్ ఎత్తాడు. ఎత్తగానే వేరే మనిషి అయిపోయాడు.

రేడియేటర్‌ అడుగునుంచి ఆ ఆకుపచ్చ నీళ్ళు దుమ్ములోకి కారుతున్నాయి. ఆ పక్కన చెట్టు నీడలో ఒక చేపలామె బస్సు కోసం కూర్చుని ఉంది. నర్సీపట్నంలో చేపలమ్ముకుని తిరిగి సముద్రం వైపు వెళ్తోంది. ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని ఇదంతా చూస్తోంది.

"ఏటి బాబూ, అలగ బుసలు కొడతంది? బిందెడు సన్నీళ్ళు పోసీరాదా?"

"అమ్మమ్మో, వేడి మీద సన్నీళ్ళు పోస్తే ఇంజను హెడ్డు పగిలిపోద్ది," అన్నాడు బావ. ఎంత మెత్తగా అన్నాడో! "ఇప్పుడు ముట్టుకోకూడదమ్మా. దానంతటది సల్లారాల."

ఇంట్లో కూర వడ్డించడం కాస్త ఆలస్యమైతే కంచం విసిరే మనిషి, ఆ ఎండలో ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలుతో విసిరాడు. రేడియేటర్ మూత దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళడం, వేడి తగిలి వెనక్కి తీసుకోవడం, మళ్ళీ ఆగడం. చాలాసేపటికి తువ్వాలు మడతపెట్టి మూత మీద వేసి కొద్ది కొద్దిగా తిప్పాడు. బుస్సుమన్నప్పుడల్లా ఆగి, "నా తల్లే, నా తల్లే," అన్నాడు.

అక్క చెంప ఉబ్బిపోయింది. ఆమె రెప్ప వెయ్యకుండా అతని చేతినే చూస్తోంది.

"కన్నం సిన్నదే," అన్నాడు బావ. "పసుపు పోస్తే పూడుకుపోద్ది. సంచిలో ఉందేటి?"

అక్క పొట్లం తీసి ఇచ్చింది. గుప్పెడు తీసి ఇస్తుందనుకున్నాను, అంతా ఇచ్చేసింది. బావ దాన్ని రేడియేటర్‌లో ఒంపి, తోటలోని బోరు నుంచి నీళ్ళు తెచ్చి, ఇంజను తిరుగుతుండగా నెమ్మదిగా పోశాడు. కన్నంలోంచి మొదట పసుపునీళ్ళు ధారగా వచ్చాయి, తర్వాత చుక్కలుగా. కాసేపటికి ఆగిపోయాయి. బావ బానెట్ మూసి నవ్వాడు. చేతులు రెండూ పెళ్ళికొడుకు చేతుల్లా పచ్చగా ఉన్నాయి.

"ఎక్కండి, బేగి ఎల్దాం."

"నాను రాను," అంది అక్క.

"ఏటీ?"

"సల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు కదా నువ్వు. ఎంత ఒళ్ళెరిగి ఉన్నావు! మరి కోపమొస్తే ఒళ్ళు తెలీదని మా అరుగు మీద ఎవులు సెప్పినారు?"

అక్క అతన్ని 'నువ్వు' అనడం అంతవరకూ నేను వినలేదు.

బావ ఆమె జుట్టు చేతికి చుట్టుకుని మొహాన్ని బానెట్ మీదికి వంచాడు. ఆపుకోవడానికి అక్క అరచెయ్యి ఎండకి కాలుతున్న రేకు మీద ఆన్చింది. చర్మం కాలి కేక పెట్టింది. నేను ముందుకి దూకాను. చేతిలో పుస్తకం ఉంది. లైబ్రరీవాళ్ళు బైండు చేయించిన గట్టి అట్ట. దాని అంచుతో బావ మొహం మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. ముక్కులోంచి రక్తం కారి అతని చొక్కా మీద పడింది. అతను జుట్టు వదిలి నా గొంతు పట్టుకున్నాడు.

"సెయ్యి తియ్యరా!" చేపలామె తట్ట ఎత్తి అతని వీపు మీద బాదింది. "ఇంజనుకి మొక్కుతావు, మనిషిని తంతావు! ఏటిరా నీ పెతాపం?"

అప్పుడే మా ఊరి వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. కిటికీల్లోంచి జనం తొంగి చూశారు. వాళ్ళని చూడగానే బావ చెయ్యి నా గొంతు మీంచి దిగిపోయింది. అప్పుడు కూడా అతనికి ఒళ్ళు తెలుస్తూనే ఉంది.

బస్సులో చేపలామె మాకు జరిగి చోటిచ్చింది. నా పుస్తకం అట్ట మీది రక్తం తన కొంగుతో తుడిచి, "సదువుకుంటే ఏటొస్తాది అనుకున్నాను గుంటా. పరవాలేదు, పనికొచ్చినాది," అంది. అక్కకి నవ్వు వచ్చింది. నవ్వితే చెంప నొప్పెట్టి మూలిగింది.

ఇంటికి చేరేసరికి నాన్న అరుగు దిగి ఎదురొచ్చాడు. అక్క చెంప వైపు కాక రోడ్డు వైపు చూశాడు.

"ఏటమ్మా, తిరిగొచ్చేసినారు? కారు పాడైపోనాదా?"

"నేదు నాన్నా. కారు బాగయిపోనాది," అంది అక్క. లోపలికి వెళ్ళకుండా, నిన్న పెద్దమనుషులు కూర్చున్న చోటే అరుగు మీద కూర్చుంది.