రద్దీ పుస్తకంల జలాంతర్గామి

మాది వరంగల్ల కిరాణం దుకాణం. పొట్లాలు కట్టనీకె తూకానికి తెచ్చిన పాత రద్దీ పుస్తకాలను పేజీ పేజీ చింపేది మా మేనత్త పని. ఆమెకు అక్షరం రాదు. అయినా ఏం రాసున్నదో తెల్వకుండ ఉప్పు పొట్లం కట్టుడు ఆమెకు నచ్చదు, అందుకని నాతోని చదివిచ్చుకునేది. నాకైతే ఒళ్ళు మండేది. నేను డిగ్రీ చదివేది గిందుకేనా అని గొణిగేదాన్ని.

అత్త మొగడు యుద్ధం దినాలల్ల ఇంట్ల కొట్లాడి బొంబాయికి పోయి, సరుకుల ఓడల బొగ్గేసే పనిల చేరిండట. ఆ ఓడను జర్మనోళ్ళు ముంచిన్రని కబురొచ్చింది. శవం లేదు. మా పెద్దలు ఆగుతరా? దర్భగడ్డితోని బొమ్మ చేసి, ఆయన పేరు పెట్టి దహనం చేసిన్రు. అప్పటికి అత్తకు పద్దెనిమిదేండ్లు. అప్పటిసంది ఆమె నొసలు బోసిగనే ఉన్నది. తద్దినం ఏటా మా బాపు పెడ్తుండె. ఆ ఓడ పేరు మా ఇంట్ల పోరగాండ్లకు సుత నోటికొచ్చు.

డెబ్బైల చివర్ల ఒక ఎండాకాలం, రద్దీల లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొచ్చింది. ఒక జర్మన్ జలాంతర్గామి ఎప్పుడు ఏ రేవునుంచి ఎల్లింది, ఏ ఓడలను ముంచింది, ఆఖరికి తానెట్ల మునిగింది, అంత వరుసగ రాసున్నది. నీళ్ళ కింద పోయే ఓడ కథ అని చెప్తే అత్త చింపుడు ఆపి కూసున్నది. నాలుగో యాత్ర కాడ మా ఓడ పేరు కనవడ్డది.

నీ పెనిమిటి ఓడనే అత్తా అని నేనన్న. చదువు అన్నది. పగటిపూట టార్పెడో కొట్టిన్రట. జలాంతర్గామి పైకి తేలి, పడవలల్ల ఉన్నోళ్ళకు తాగనీళ్ళిచ్చి, ఒడ్డు ఏ దిక్కున్నదో చెప్పి పోయిందట. అందరు ఆఫ్రికా ఒడ్డుకు చేరిన్రట. ఒక్కలు సుత చావలేదట.

బతికున్న మనిషికి కొరివి పెట్టినమా? బతికుండి గిన్నేండ్లు ఒక్క కార్డుముక్క రాయలేదా? ఆయన మీద పట్టరాని కోపమొచ్చింది, అత్త మొఖం చూడాలంటె భయమైంది.

అప్పుడే బాపు లోపల్నుంచి వచ్చి, ఆ మొఖాలేంది, ఏం రాసున్నదని అడిగిండు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అత్త నా చెయ్యి పట్టుకొని మెల్లగ అన్నది.

"సచ్చిండనే చదువు బిడ్డా. ఇడిసిపెట్టి పోయిండని ఇప్పుడు నేను ఎవలకు చెప్పుకోవాలె?"

ఓడ రెండు ముక్కలైందని, అండ్ల ఒక్కలు బతకలేదని, బాపుకు ఇనవడేటట్టు గట్టిగ చదివిన.